స్పీకర్ డబ్బల దాచిన పాట

కాశీకి పోయొచ్చినోళ్లు గంగ తెస్తరు, తిరుపతి పోయొచ్చినోళ్లు లడ్డు తెస్తరు. నేను ప్రొద్దుటూరు పోయొచ్చి స్టాఫ్ రూముల మక్కబుట్టలు, అంటే మొక్కజొన్న పొత్తులు, పంచిన. "ఇదేం యాత్ర మేడం, హైదరాబాద్ పక్కకే గదా" అని మా కెమిస్ట్రీ సారు నవ్విండు. నవ్వనీ. ఆయన సింగపూర్ పోయొచ్చి దసరా దాంక అదే ముచ్చట చెప్పిండు, మేం నోరు మూసుకొని విన్నం. ఇప్పుడు నా వంతు.

ముందుగాల నా సంగతి చెప్త. నా పేరు ఎస్తేరు. కరీంనగర్‌ల డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ చెప్త. నా పీహెచ్‌డీ ఇనుప ఆక్సైడ్ల మీద. అంటే తుప్పుకు చుట్టపు సరుకు. ఆ పొడిని మిల్లుల వేసి రోజుల తరబడి నూరుడు, రవ్వ ఎంత సన్నగైతే దాని అయస్కాంతగుణం ఎట్ల మారుతదో చూసుడు, ఇదే నా పని. పిల్లలు వెనకంగ నన్ను "తుప్పు మేడం" అంటరు. నాకు తెల్వదనుకుంటరు పాపం.

పుట్టింది ప్రొద్దుటూరు. కడప దిక్కున్నది కాదు, శంకర్‌పల్లి మండలంల ఉన్న మా చిన్న ప్రొద్దుటూరు. మా అవ్వ, మా ఇండ్లల్ల అవ్వ అంటే అమ్మనే, నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు పచ్చకామెర్లతోని పోయింది. అప్పటికి మా చెల్లె చేతుల పిల్ల. నెలలు నిండక ముందే పుట్టింది, ఇంక పేరు సుత పెట్టలేదు. బాపుకు సాదుడు చేతగాలేదు. మిషన్ దవాఖానల పనిచేసే గుంటూరు నర్సమ్మ ఆ పిల్లను వాళ్ల ఊరికి తీస్కపోయి సాదుకున్నది, గ్రేస్ అని పేరు పెట్టుకున్నది. మంచిగ పెంచింది, నేను కాదన.

అవ్వది ఫొటో ఒక్కటి ఉన్నది. గొంతు మాత్రం లేదు. నాకన్న చెవుల కొద్దిగ మిగిలి ఉండె, గ్రేస్‌కు అదీ లేదు. "అక్కా, అమ్మ గొంతు ఎలా ఉండేది? సన్నగానా, బొంగురుగానా?" అని ప్రతి క్రిస్మస్‌కు ఫోన్ల అడుగుతది. గొంతును మాటలతోని ఎట్ల చెప్తం? "మంచిగుండె" అని ఊకుంట.

అసొంటిది, మొన్న వానలు తగ్గుముఖం పట్టినంక పాస్టరమ్మ ఫోన్ చేసింది. మా ఊరి చర్చి పాత పాస్టరు గారి భార్య. "బిడ్డా ఎస్తేరూ, పాత చర్చి విప్పుతున్నం. పంట పండుగనాడు మీ అవ్వ పాడిన పాట, అయ్యగారు పట్టిన క్యాసెట్ దొరికింది. వచ్చి తీస్కపో" అన్నది. నేను లీవు లెటర్ రాసి సంచి సర్దిన.

మెహిదీపట్నం దాటినంక

మొయినాబాద్ బస్సుల కిటికీ సీటు కోసం ఒకామెతోని లొల్లి పెట్టుకున్న. సీటు నాకే దొరికింది గని, దొరికి ఏం లాభం? నా చిన్నప్పుడు ఈ తొవ్వకు ఇరుపక్కల జొన్నచేన్లు ఉండె, వానకాలం కిటికీల చెయ్యి పెడితే ఆకులు తాకేటివి. ఇప్పుడు ఫామ్‌హౌజుల గోడలు, ఫంక్షన్ హాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు. గోడకు అవతల ఏముందో గోడ కట్టినోనికే తెల్వాలె.

నా పక్కకు కూసున్న ముసలాయన సంచిలకెల్లి జామకాయ తీసి సగం కొరికి, మిగిలిన సగం నా దిక్కు చాపిండు. "తిను బిడ్డా, మా చెట్టుదే." కరీంనగర్‌ల ఎవ్వలన్న గిట్ల ఇస్తే నేను తిననే తినను. ఇక్కడ తిన్న. ఎంత తియ్యగున్నదో!

మొయినాబాద్: ఉంది, ఉన్నది

గ్రేస్, వాళ్లాయన ఇద్దరూ సాఫ్ట్‌వేర్ లైనే. ఆమె చందనవెల్లిల ఒక డేటా సెంటర్‌ల పనిచేస్తది. ఎవలెవలో దేశదేశాలోళ్ల ఫొటోలు, వీడియోలు, ముచ్చట్లు చెడిపోకుండ కాపాడుడు ఆమె డ్యూటీ. అపార్ట్‌మెంట్ నిండ కోస్తా నుంచి వచ్చినోళ్లే. సాయంత్రం కింద బెంచీల మీద కూసొని గోంగూర గురించి కొట్లాడుకుంటరు.

తలుపు తీస్తనే నన్ను వాటేసుకొని, "అక్కా, ఎంత లేటు! కూర చల్లారిపోయి ఉంది" అన్నది.

"ఉంది కాదే, ఉన్నది. ప్రొద్దుటూర్ల పుట్టి గుంటూరు మాట మాట్లాడ్తవేంది?"

"పుట్టింది ప్రొద్దుటూర్లో. మాటలొచ్చింది గుంటూర్లో. నన్నేం చేయమంటావ్?"

ప్రతిసారి ఇదే పంచాది. ఇద్దరం నవ్వుకుంటం. గని ఆ రోజు అన్నాలు తిన్నంక ఆమె నవ్వలేదు. "నా ఫోన్లో పెంచినమ్మ వాయిస్ మెసేజ్‌లు రెండొందలున్నాయ్ అక్కా. కన్నతల్లిది ఒక్క ముక్క లేదు. ఆమె గొంతు ఒక్కసారి వింటే చాలు, ఇంకేం అడగను" అన్నది. చెయ్యి పట్టుకొని కూసున్న.

కనకమామిడి: బరక, మెత్తన

తెల్లారి గ్రేస్ స్కూటీ మీద బయలెల్లినం. స్కూటీ నడుపుడు కాదు అది, గాలిపటం ఎగిరేసుడు. కనకమామిడి మూల మీద ఎవనిదో కొత్త ఫామ్‌హౌజు కోసం పోసిన కంకర మీద బండి సర్రున జారింది. ఇద్దరం పక్కనున్న గడ్డిల పడ్డం. నా చెప్పు ఒకటి మోరీలకు పోయింది.

అక్కడ బొగ్గుల మీద మక్కబుట్టలు కాల్చే ఒక పెద్దామె ఉరికొచ్చి మమ్ములను లేపింది. మోచేతులు, మోకాళ్లు తిప్పి తిప్పి చూసింది. "ఏం కాలేదు తియ్యుండ్రి. ఇంకా భూమ్మీద నూకలున్నయి మీకు" అని, ఇద్దరికి చెరొక బుట్ట చేతుల పెట్టింది. బుట్ట ఇరవై రూపాలు. కరీంనగర్‌ల పదిహేనే గని అక్కడ పడ్డోళ్లను లేపరు. నిమ్మచెక్కకు ఉప్పు కారం అద్ది గింజల మీద రుద్ది ఇచ్చింది. మోరీల నుంచి చెప్పు సుత ఆమెనే కట్టెతోని తీసిచ్చింది.

తింటుంటే గ్రేస్ అడిగింది. "అక్కా, నిజం చెప్పు. ఇన్నేళ్లయింది కదా, ఆ క్యాసెట్లో పాట ఉంటుందా? దానంతటదే చెరిగిపోయి ఉంటుందా?"

నాకు పాఠం చెప్పే చాన్స్ దొరికితే నోరు ఊకుంటదా? "క్యాసెట్ రీలు మీద గోధుమరంగు పూత ఉంటది సూడు, అది ఇనుప ఆక్సైడ్ పొడి. పాట ఆ పొడి రవ్వలల్లనే ఉంటది. ఉంటదా పోతదా అన్నది రవ్వ సైజు మీద ఉన్నది. చిన్నప్పుడు పిండి గిర్నికి పోతే గిర్నాయన ఏమడుగుతుండె? బరకగ పట్టాల్నా, మెత్తగ పట్టాల్నా అని. గదే ముచ్చట."

"నేను గిర్నీకి ఎప్పుడూ పోలేదక్కా."

"సరే, విను. బరక రవ్వ ఉన్నదనుకో, అదొక పెద్ద ఊరు. వాడకొక పెద్దమనిషి, ఒక్కొక్కల మొకం ఒక్కో దిక్కు. బయటి నుంచి అయస్కాంతం వచ్చి 'అందరూ ఇటు చూడుండ్రి' అంటే చూస్తరు. అది పోంగనే మల్ల ఎవల దిక్కు వాళ్లు. ఆ రవ్వను సన్నగ నూరుకుంట పోతే ఆఖరికి ఒక్క ఇల్లు మిగుల్తది, ఇంటిల్లిపాదిది ఒకటే మాట. అదీ మొండిది. ఒకసారి ఒక దిక్కు తిరిగిందా, ఏండ్లు గడిచినా తిరిగే ఉంటది. క్యాసెట్లకు ఆ సైజు రవ్వనే వాడుతరు."

"మరి ఇంకా మెత్తగా నూరితే ఇంకా బాగా గుర్తుంటుందిగా?"

"అందరూ అట్లనే అనుకుంటరు, మొదట నేనూ అనుకున్న. కాదు. మరీ సన్నగైతే మనం కూసున్న ఈ గాలిల ఉన్న వేడికే అది ఊగిపోతది. చెప్పిన మాట చెప్పినట్టే మరుస్తది."

గ్రేస్ మక్కబుట్ట తినుడు ఆపింది. "అంటే మరీ చిన్నవి మర్చిపోతాయన్నమాట. నాలాగా" అన్నది. పాఠం అక్కడికి బంద్ చేసిన.

ప్రొద్దుటూరు: రాయి మంచిగ పట్టుకున్నది

ఊర్ల అడుగు పెట్టంగనే నాకు గిర్ని చప్పుడు వినొచ్చింది. అదే రేకుల కొట్టం, అదే పిండి వాసన! లోపలికి పోయి ఊరికెనే నిలబడ్డ. అవ్వ నన్ను జొన్నల గంపతోని ఇక్కడికి తోలుతుండె. "రొట్టెలకని చెప్పు, మెత్తగ పట్టుమను" అని తాకీదు. నేను తొవ్వ పొడుగూత ఆటలాడుకుంట వచ్చి ఉల్టా చెప్పేదాన్ని, రొట్టెలు పెంక మీద విరిగిపోయేటివి. అవ్వ కొట్టేది కాదు, విరిగిన ముక్కల మీద పాలు పోసిచ్చేది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. పిండి పడ్డదని గిర్నాయనకు చెప్పిన.

పాస్టరమ్మ ఇప్పుడు బాగ ముసలిదైంది, చూపు ఆనదు. గ్రేస్ మొకాన్ని రెండు చేతులతోని తడిమి తడిమి చూసింది. "ఓ యేసయ్యా, గంత పిల్లి పిల్లంత ఉండె, ఎంత మనిషయింది! దూదిల చుట్టి పండుకోబెట్టేది మీ అవ్వ నిన్ను. బతకదు బతకదని ఊరంత అన్నది. మీ అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు." మాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా కరీంనగర్ పచ్చిపులుసుల బెల్లం వేస్తరు, ఇక్కడ వెయ్యరు. ఇక్కడిదే పచ్చిపులుసు, నేను ఎక్కడున్నా ఇదే చెప్త.

తిన్నంక మమ్ములను వసారాలకు తోల్కపోయింది. అక్కడ చర్చి సామాన్లు కుప్ప పోసి ఉన్నయి. హార్మోనియం, బెంచీలు, పాతకాలపు చెక్క స్పీకర్ డబ్బ ఒకటి. ఆమె ఆ డబ్బ వెనక రేకు తీసి లోపల చెయ్యి పెట్టింది.

"ఎలుకలు కొడుతయని దీంట్ల పెట్టిన బిడ్డా. దీంట్లకు ఎలుక రాదు, చీమ రాదు. సూదంటురాయి ఎంత మంచిగ పట్టుకున్నదో చూడు, ఇన్నేండ్లు కింద పడనియ్యలే" అన్నది సంబురంగ.

నేను వంగి చూసిన. స్పీకర్ వెనక రొట్టెంత నల్లటి అయస్కాంతం. లోపలి ఇనుప స్క్రూలతోని దానికి అతుక్కొని, పాత చీరముక్కల చుట్టిన క్యాసెట్. ఒక అంచు పూర్తిగ రాయిని ఆనుకొని ఉన్నది. క్యాసెట్‌కు అంతకన్న పెద్ద శత్రువు ఉంటదా? పాము పుట్టల కోడిపిల్లను దాచినట్టే. తమాషా ఏందంటే ఆ నల్ల రాయి సుత ఇనుప ఆక్సైడే, రీలు మీది పొడికి అన్నలాంటిది. నేను ఏండ్ల తరబడి నూరింది ఈ రెండు జాతులనే.

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది, అందరికీ తెలుసు. "ఎవలన్న అయస్కాంతం మీద..." అనబోయిన. గ్రేస్ నా మొకం చూసింది. అంత అర్థమైంది ఆమెకు, డేటా కాపాడే మనిషి గదా. నా చెయ్యి గట్టిగ గిచ్చి, పాస్టరమ్మ కాళ్లకు మొక్కింది. "చాలా జాగ్రత్తగా దాచారమ్మా. మీ మేలు మర్చిపోను" అన్నది.

బయటికొచ్చినంక స్కూటీ కాడ నిలబడి, అప్పుడు ఏడ్చింది. "ఆవిడకు ఎప్పుడూ చెప్పొద్దక్కా" అన్నది.

చేవెళ్ల: కొత్తిమీర రబ్బరు

తెల్లారి చేవెళ్ల. ఆ పొద్దు మార్కెట్ల బంతిపూలు గుట్టలు గుట్టలు, టమాటాల డబ్బలు, మట్టి కడగని క్యారెట్లు. మా చిన్నప్పుడు అవ్వ ఇక్కడికే ఆకుకూర గంప ఎత్తుకొని వచ్చేది. గ్రేస్‌కు ఇవేవీ కండ్లవడలేదు. క్యాసెట్ ఉన్న సంచిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎదకు పెట్టుకొని నడుస్తున్నది.

రహీమ్ భాయ్ దుకాణం వికారాబాద్ రోడ్డు మీదనే ఉన్నది. ఒకప్పుడు ఆయన కాడ పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్ల నింపిచ్చేటోడు. ఊర్ల పెండ్లి కుదిరితే ముందు ఆయనకే తెలుస్తుండె. ఇప్పుడు సెల్లు రిపేర్లు చేస్తడు. గడ్డం తెల్లవడ్డది గని నవ్వు అదే. మేం వచ్చిన పని చెప్పంగనే అటక మీది నుంచి పాత డెక్కు దించి, దుమ్ము ఊదిండు.

"బెల్టు కరిగి పాకం అయ్యిందమ్మా. జర ఠైరో, ఒక్క నిమిషం ఆగుండ్రి" అని బయటికి పోయి, పక్కన కూరగాయల బండి కాడ కొత్తిమీర కట్టకున్న రబ్బరు ఊడదీసుకొచ్చిండు. అది ఎక్కిస్తే చక్రం తిరిగింది. కొత్తిమీర అమ్మేటామె ఊకుంటదా? "నా కట్ట ఇడిపోయింది, కొను" అని దుకాణం ముందటికొచ్చి కూసున్నది. కొన్న.

రహీమ్ భాయ్ డెక్కుకు ఒక వైరు పెట్టి తన ఫోనుకు కలిపిండు. "ఏది వస్తే అది ఎక్కుతది. ఫికర్ చెయ్యకుండ్రి" అని బటన్ నొక్కిండు.

మొదట బుస్సుమన్నది. ఆ బుస ఖరాబు కాదు, చవక క్యాసెట్ల పొడి జర బరకగ ఉంటది, అందుకే అంత బుస. తర్వాత వచ్చింది.

"కంకి కంకికి..." బుస్సు. "...పోసిన తండ్రీ..." బుస్సు. "...ఏమిచ్చి..." బుస్సు.

అది అవ్వ గొంతే. నేను డెక్కు మీదికి వంగిన. గని రెండు మాటలు రాంగనే మాయమైతది, మల్ల రెండు మాటలు, మల్ల మాయం. రీలు ఒక్కో చుట్టుల రాయికి దగ్గరున్న ముక్క చెరిగిపోయింది, దూరమున్న ముక్క మిగిలింది. చక్రం తిరిగినప్పుడల్ల అవ్వ వచ్చి పోతున్నది. పాట మొత్తం గట్లనే నడిచింది. మనిషి గొంతు ఎట్లుంటదో పట్టుకుందామంటే చేతికి దొరుకుత లేదు.

పాట అయిపోయింది. పాస్టరు గారి ప్రార్థన మొదలైంది. గ్రేస్ లేచి నిలబడ్డది. "చాలు భాయ్, ఆపేయండి. సన్నగా ఉండేదని తెలిసింది కదా, చాలు" అన్నది. సంచి భుజానికేసుకున్నది.

"కూసో" అన్న.

"ఇంకేముందక్కా, ప్రార్థనేగా?"

"నా మాట విని కూసో. రీలుల పై చుట్లు రాయికి దగ్గరుండె, లోపలి చుట్లు దూరముండె. ఎంత లోపలికి పోతే పొడి అంత నిమ్మలంగ ఉంటది. చెవి పెట్టి విను, మొదట్ల లేని మాటలు ఇప్పుడు వస్తున్నయా లేదా?"

నిజంగనే వస్తున్నయి. పాస్టరు గారు వానల కోసం ప్రార్థన చేసిండు, బుస్సు. సర్పంచు మనసు మారాల్నని చేసిండు, చిన్న బుస్సు. ఎవలదో తప్పిపోయిన బర్రె దొరకాల్నని చేసిండు, ఒక్క అక్షరం పోకుండ వినొచ్చింది. ఆయన ప్రార్థన ఎంత పొడుగు ఉంటదో ఊరంత ఎరుకే. చిన్నప్పుడు మేం నిద్రపోయేది అప్పుడే. ఆ దినం మాత్రం దేవునికి దండం పెట్టుకున్న, ఈయన ఆమెన్ అనొద్దని. రహీమ్ భాయ్ ఇద్దరు గిరాకులను మల్ల రమ్మని తోలిండు. కొత్తిమీర ఆమె బయటనే కూసొని కొంగు నెత్తి మీద కప్పుకున్నది.

అప్పుడు ఒక పసిపిల్ల ఏడ్చింది.

క్యాసెట్‌ల. సన్నటి ఏడ్పు, పిల్లి కూన అరిచినట్టు. పాస్టరు గారి గొంతు దూరంగ ఉన్నది, ఆ ఏడ్పు మాత్రం టేప్‌రికార్డర్ పక్కనే. బెంచి మీద రికార్డర్ పెట్టి బంద్ చేసుడు మరిచిండ్రు. గాజులు కదిలినయి. చీర గరగరమన్నది. అవ్వ గొంతు, ఒక్క ముక్క చెరగకుండ, మన చెవుల నోరు పెట్టి చెప్పినట్టే వచ్చింది.

"ఊకో నూకా... ఊకో. ఊకో నా నూకా. ఎవలేమన్నా అననీ. భూమ్మీద నూకలున్నయే నీకు, మస్తు నూకలున్నయి. ఊకో."

ఏడ్పు తగ్గింది. టక్కుమని క్యాసెట్ ఆగింది.

నాకు అప్పుడు యాదికొచ్చింది, ఒక్కసారిగ, ముంతల నీళ్లు వొంపినట్టు. ఇంటి ముందట చాటల బియ్యం చెరుగుకుంట అవ్వ ఆ పిల్లను అట్లనే పిలుస్తుండె. నూకంత పుట్టింది గాబట్టి నూక. బతుకుతది గాబట్టి నూక. నేను సుత పిలుస్తుంటి. ఎట్ల మరిచిన?

గ్రేస్ నా దిక్కు తిరిగింది. "అక్కా, నూక అంటే..."

"నువ్వే" అన్న. "నువ్వే బిడ్డా."

రహీమ్ భాయ్ రుమాలుతోని కండ్లు తుడుచుకొని, ఫోన్ చేతిలకు తీసుకున్నడు. "మొత్తం ఎక్కిందమ్మా. ఇప్పుడు నీకు పంపుత. ఫైలుకు పేరు అడుగుతున్నది, ఏం పెట్టాలె?"

"నా పేరు పెట్టండి భాయ్."

ఆయన గ్రేస్ అని కొట్టవట్టిండు. మా చెల్లె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కాదు భాయ్" అన్నది. "నూక."